అరవై నాలుగు అయితేలు

నేరేడుకోట పురపాలక సంఘంలో నేల మీద అరవై అయిదు వీధులుండేవి, కంప్యూటరులో అరవై నాలుగుండేవి. రెండింటిలో ఏది నిజమని ఎవరైనా అడిగితే ఆఫీసులో అందరూ కంప్యూటరు వైపే చూసేవారు.

ఈ సంగతి హైమవతికి తెలియదు. సీనియర్ అసిస్టెంటుగా బదిలీ మీద వచ్చి, మంచినీళ్ల సీటులో కూర్చుని, కుర్చీ కుంటుతోందని కాలి కింద మడత కాగితం పెడుతూ ఉండగానే ఒకావిడ కౌంటరు మీద ఖాళీ బిందె ఠంగుమని పెట్టింది.

"కొత్తగా వచ్చారా అమ్మా?"

"అవునండీ."

"అట్టయితే మొదట్నించీ చెప్పాల. నా పేరు మస్తాన్‌బీ. సున్నపుబట్టీ వీధిలో ఇడ్లీలు వేసి అమ్ముకుంటాను. మా వీధి ఏర్పడి రెండేళ్లయింది. నలభై ఒక్క ఇల్లు. ఇంతవరకూ మీ ట్యాంకరు మొహం చూడలేదు. పప్పు నానబెట్టాలంటే రైలుగేటు అవతల బోరింగు కాడికి పోవాల. ఎప్పుడొస్తదో కాస్త చూసి చెప్పండి."

ఇందులో కష్టమేముందనుకుని హైమవతి కంప్యూటరులో వీధి పేరు కొట్టింది. మిగతా వీధులకైతే సోమవారమనో, శుక్రవారమనో వస్తుంది. దీనికి 'వర్తించదు' అని వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ వర్తించలేదు.

"అమ్మా! అంత గట్టిగా కొట్టకు!" అంటూ పక్కగది నుంచి సూపరింటెండెంటు పాండురంగయ్య గారు పరుగెత్తుకొచ్చారు. ఏభై తొమ్మిదేళ్ల మనిషి, కళ్లజోడు నుదుటి మీద, పెన్ను చెవి మీద. వచ్చినవారు ముందు కంప్యూటరు మీద చెయ్యేసి నిమిరి, తరువాత హైమవతిని పలకరించారు. "దానికి ఈ వయసులో ఒత్తిడి పనికిరాదు. రా అమ్మా, నీకు ఫార్ములాను పరిచయం చేస్తాను."

సమావేశ మందిరంలో ఇరవై రెండడుగుల చట్రం ఒకటి గోడకి అడ్డంగా వేలాడుతోంది. అద్దం వెనక సన్నటి అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం; కంప్యూటరు రోజు చెప్పేది దీన్ని బట్టే. వీధి కంసాలి వీధి అయితే సోమవారం, కాకపోతే గాజుల వీధి అయితే మంగళవారం, అదీ కాకపోతే కోమటి వీధి అయితే గురువారం, అదీ కాకపోతే... ఇలా ఒక అయితే కడుపులో మరో అయితే, దాని కడుపులో ఇంకో అయితేగా అరవై నాలుగు అయితేలు ఒదిగి, చివర అరవై నాలుగు బ్రాకెట్లు వరసగా మూసుకుని ఉన్నాయి. పదకొండేళ్ల క్రితం పాండురంగయ్య గారు మూడు నెలలు సెలవు పెట్టకుండా కూర్చుని రాశారు. ఏటా ఆ తేదీన దానికి దండ వేస్తారు.

"మరి అరవై అయిదో వీధి సార్?" అంది హైమవతి.

"పట్టదమ్మా. యంత్రం అరవై నాలుగు అయితేల వరకే ఒప్పుకుంటుంది. అరవై అయిదోది పెడితే కెవ్వుమంటుంది. ఒకసారి నేనే సాహసించి లోపల చెయ్యి పెట్టాను. ఒక కామా జారింది. ఊరు ఊరంతటికీ గురువారం వచ్చింది. ట్యాంకరు డ్రైవరు బుధవారం సాయంత్రమే అత్తారింటికి పారిపోయాడు."

"అయితే వాళ్లకి నీళ్లెప్పుడు?"

"ఖాళీ ఏర్పడినప్పుడు. ఉన్న వీధుల్లో ఏదైనా పోతే ఆ స్థానంలో వీళ్లకి అవకాశం. వెయిటింగు లిస్టులో మొదటి పేరు వీళ్లదే." ఆయన గొంతు తగ్గించారు. "కిందటేడు రోడ్డు వెడల్పులో గాజుల వీధి పోతుందని ఆశపడ్డాం. కోర్టు స్టే ఇచ్చింది."

హైమవతి తిరిగొచ్చి చూస్తే మస్తాన్‌బీ అక్కడే నిలబడి ఉంది. "గాజుల వీధికి ఇంకా బాగానే ఉందా అమ్మా?" అని అడిగింది, ఆసుపత్రిలో ఉన్న చుట్టాన్ని గురించి అడిగినట్టు.

ఆ ప్రశ్న హైమవతికి మింగుడు పడలేదు. ఆ మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా ముందు పెట్టుకుని, తన కంప్యూటరులో ఒక కొత్త కాగితం తెరిచింది. ఎడమవైపు వరసగా వీధుల పేర్లు రాసింది, కుడివైపు ఒక్కోదాని ఎదురుగా ఒక్కో రోజు. బస్టాండులో బోర్డు మీద ఊరి పేరు ఎదురుగా బస్సు టైము రాసినట్టు. తరువాత కంప్యూటరుకి ఒక్క ముక్క చెప్పింది: వీధి పేరు ఎడమవైపు వెతుకు, దాని ఎదురుగా ఏముందో చదువు. అంతే. ఇలా పరిచాక ఇంకో సంగతి కూడా బయటపడింది. మిగతా రోజుల్లో ట్యాంకరుకి పదకొండేసి, పన్నెండేసి వీధులుంటే బుధవారం ఏడే ఉన్నాయి. అరవై నాలుగు అయితేల కడుపులో ఉన్నంతకాలం ఆ బుధవారం పదకొండేళ్లుగా ఎవరి కంటా పడలేదు. అరవై అయిదో వరసలో సున్నపుబట్టీ వీధి అని రాసి, ఎదురుగా బుధవారం అని పెట్టి, పేరు కొట్టింది. బుధవారం అని వచ్చింది. పెరుగన్నం ఇంకా సగం మిగిలే ఉంది.

పాండురంగయ్య గారు ఆ పట్టికను పై నుంచి కిందకీ, కింది నుంచి పైకీ చూశారు.

"ఇందులో అయితే ఏదమ్మా?"

"లేదు సార్."

"ఒక్కటి కూడానా?"

"అక్కర్లేదు సార్. వెతుక్కుని ఎదురుగా ఉన్నది చెబుతుంది."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అమ్మా హైమవతీ, నేను ముప్ఫై నాలుగేళ్లు సర్వీసు చేశాను. అయితే లేకుండా ప్రభుత్వం ఎలా నడుస్తుంది చెప్పు? ఎవడో వచ్చి నీళ్లు కావాలంటే ఇచ్చేస్తామా? ముందు వీడు కంసాలి వీధివాడా, కాడా? కాకపోతే గాజుల వీధివాడా? ఇలా అరవై నాలుగు గుమ్మాలు దాటించి ఇస్తేనే కదా, ఇచ్చినట్టుండేది!"

విషయం కమిషనరు విశ్వంభరం గారి దాకా వెళ్లింది. ఆయన మాట్లాడితే ఎదుటివారికి టైపు చేసిన కాగితం చదువుతున్నట్టుండేది.

"సదరు పట్టికను నేను కూలంకషముగా పరిశీలించితిని. ఇది ఎవరు చదివినా అర్థమగునా?"

"అవుతుందండీ. చదవడం వస్తే చాలు."

"అదియే ప్రమాదము. ఏ వీధికి ఏ రోజు అన్న సంగతి ప్రజలకు సూటిగా అర్థమైనచో, ట్యాంకరు రాని రోజున వారు సూటిగా అడుగుదురు. ఫార్ములా ఉన్నచో వారు ముందు ఫార్ములాను అర్థము చేసుకొనవలెను. ఈలోగా ట్యాంకరు వచ్చును."

అయినా సమస్యను ఆయన తోసిపుచ్చలేదు. ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం మూడు వారాలు కూర్చుని, అరవై అయిదు వీధుల్ని అరవై నాలుగు అయితేల్లో ఇమిడ్చేందుకు వీధుల్ని తగ్గించుటయే శాస్త్రీయ పరిష్కారమని తేల్చింది. ఊరికి తూర్పు కొసనున్న కంసాలి వీధినీ, పడమటి కొసనున్న సున్నపుబట్టీ వీధినీ కలిపి ఒకే వీధిగా ప్రకటించారు. పేరు సంయుక్త వీధి. రెండింటి మధ్య దూరం మూడు కిలోమీటర్లు. ఏ వీధికీ అన్యాయం జరగకూడదు కనుక ట్యాంకరు సోమవారం సరిగ్గా నడిమధ్యన ఆగాలని ఆదేశించారు. ఇంజనీర్లు గొలుసులు పట్టి కొలిస్తే ఆ నడిమధ్య చోటు పశువుల ఆసుపత్రి ఆవరణలో పడింది.

నాలుగు సోమవారాలు ట్యాంకరు అక్కడే ఆగింది. గేదెలు తాగాయి. పశువైద్యుడు మండలంలో గేదెల ఆరోగ్యం ఎన్నడూ లేనంత మెరుగుపడిందని పురపాలక సంఘానికి ప్రశంసాపత్రం పంపాడు. దాన్నీ చట్రం కట్టించారు.

అయిదో సోమవారం కంసాలి వీధివాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. వాళ్ల పక్కన మస్తాన్‌బీ కూడా కూర్చుంది.

"మీరెందుకమ్మా కూర్చున్నారు? మీకు ముందు కూడా నీళ్లు లేవు కదా?" అన్నాడు కంసాలి వీధి పెద్దమనిషి ఒకాయన.

"ఇప్పుడు మనది ఒకటే వీధంట గదన్నా. నువ్వు కూర్చుంటే నేను కూర్చోవద్దా?" అంది మస్తాన్‌బీ. ఆయన సర్దుకుని చోటిచ్చాడు.

మెట్ల మీద జనం నిండేసరికి కమిషనరు గారు దొడ్డిదారిన లోపలికి రావలసి వచ్చింది. వచ్చి సంయుక్త వీధిని విడదీశారు. పట్టికను సూత్రప్రాయంగా ఆమోదిస్తున్నట్టు ప్రకటించి, ఉత్తర్వు రాసే బాధ్యత పాండురంగయ్య గారికి అప్పగించారు. హైమవతి సంతోషం ఉత్తర్వు చేతికొచ్చేదాకా నిలిచింది.

ఉత్తర్వు రెండున్నర పేజీలు. ఒకే వాక్యం. 'పై పట్టికను, సూపరింటెండెంటు వారు ఊరియందు ఉండి సమ్మతించినట్లయితే, కమిషనరు వారును ఊరియందు ఉండి సదరు సమ్మతితో ఏకీభవించినట్లయితే అమలుపరచవచ్చును, ఏకీభవించినను సదరు ఏకీభావము లిఖితపూర్వకము కానట్లయితే...' అంటూ సాగిపోయింది. హైమవతి లెక్కపెట్టింది. సరిగ్గా అరవై నాలుగు.

"సార్, దీని ప్రకారం ఇప్పుడు నీళ్లు పంపొచ్చా, పంపకూడదా?" అని అడిగింది.

పాండురంగయ్య గారు ఉత్తర్వు తీసుకుని పెదాలు కదుపుతూ చదివారు. రెండో పేజీ మధ్యలో దారి తప్పి మళ్లీ మొదటికి వచ్చారు. మూడోసారి కళ్లజోడు దింపుకుని చదివారు. "నేను రాసేటప్పుడు తెలిసింది," అన్నారు చివరికి.

అక్కడ మరొకరైతే ఉత్తర్వును ఫైలులో పెట్టి తాడు కట్టేసేవారు. మస్తాన్‌బీ ఆ వారం రాలేదు. బోరింగు దగ్గర కాలు జారి మడమ బెణికిందనీ, ఇడ్లీ బండి మూసేసిందనీ ఎవరో చెప్పారు. హైమవతి ఉత్తర్వును బల్ల మీద పరిచి, కొత్త కాగితం తీసి, మళ్లీ గీతలు గీసింది. మొదటి గడిలో సూపరింటెండెంటు ఊళ్లో ఉన్నారా, రెండో గడిలో కమిషనరు ఊళ్లో ఉన్నారా, మూడో గడిలో ఉత్తర్వు ఏమంటోంది. రెండున్నర పేజీల వాక్యంలోని ముడులన్నీ విప్పి పరిస్తే మిగిలినవి నాలుగే వరసలు. ఇద్దరూ ఊళ్లో ఉంటే ఇద్దరూ సంతకం చేయాలి; పాండురంగయ్య గారు చేసే రకం కాదు. సూపరింటెండెంటు ఒక్కరే ఉంటే కమిషనరు వచ్చేదాకా ఆగాలి. కమిషనరు ఒక్కరే ఉంటే సూపరింటెండెంటు వచ్చేదాకా ఆగాలి. నాలుగో వరసను ఆమె రెండుసార్లు ఉత్తర్వుతో సరిచూసుకుంది. ఇద్దరూ ఊళ్లో లేకపోతే, ఆ రోజు కార్యాలయ బాధ్యతలు చూచు సీనియర్ అసిస్టెంటు అమలుపరచవచ్చును.

ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు ఒక్కరే. కుంటుతున్న కుర్చీలో కూర్చున్న మనిషే.

పది రోజులకి రాజధాని నుంచి ఆహ్వానం వచ్చింది. సుపరిపాలనలో వినూత్న పోకడల ప్రదర్శనకి నేరేడుకోట ఫార్ములాను పంపవలసిందని. కమిషనరు గారు తానే తీసుకువెళ్తానన్నారు. హైమవతి ఆ కాగితం పాండురంగయ్య గారి బల్ల మీద పెడుతూ, మాటవరసకి అన్నట్టు అంది:

"ఫార్ములాను ఒంటరిగానే పంపుతున్నారా సార్?"

ఆయన చెయ్యి టీ గ్లాసు దగ్గరే ఆగిపోయింది. "ఒంటరిగానా?"

"కమిషనరు గారున్నారనుకోండి. అక్కడ ఎవరైనా కామా గురించి అడిగితే..."

బుధవారం పొద్దున్న ఇరవై రెండడుగుల చట్రాన్ని దుప్పట్లలో చుట్టి, వీధి దీపాలు మార్చే నిచ్చెన బండి మీదికి ఎక్కించారు. అంత పొడుగుది ఊళ్లో ఇంకేదీ లేదు. ముందు జీపులో కమిషనరు గారు, వెనక నిచ్చెన బండిలో చట్రాన్ని ఒక చేత్తో పట్టుకుని పాండురంగయ్య గారు ఊరు దాటారు. హైమవతి గేటు దాకా వెళ్లి సాగనంపింది. తేడా వస్తే మెమో ఖాయం, బదిలీ ఖాయం. నాలుగో వరసను ఇంకోసారి చదువుకుని ట్యాంకరు డ్రైవరు వీర్రాజును పిలిచింది.

"సున్నపుబట్టీ వీధికా అండీ? ఆర్డరుందా?"

ఆమె నాలుగు వరసల కాగితం చేతికిచ్చింది. వీర్రాజు చదివాడు. కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. అతని మొహంలో అనుమానం ముసిరింది.

"ఇది నిజం ఆర్డరేనా అండీ?"

"ఏం, ఎందుకా అనుమానం?"

"నాకర్థమైపోతందండీ. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఒక్క ఆర్డరూ నాకర్థం కాలేదు. ఇదేదో తేడాగా ఉంది."

హైమవతి రెండున్నర పేజీల అసలు ఉత్తర్వు తీసి దానికి పిన్ను కొట్టి ఇచ్చింది. వీర్రాజు దాన్ని అయిదు పంక్తులు చదివాడు. తల తిరిగి గోడకి ఆనుకున్నాడు. "ఆఁ, ఇదీ ఆర్డరంటే!" అని తేరుకుని, తాళాలు తీసుకుని వెళ్లాడు. హైమవతి కూడా బండిలో పక్క సీటెక్కింది.

సున్నపుబట్టీ వీధి మలుపు తిరిగి ట్యాంకరు హారన్ కొడితే ఒక్కరూ బయటికి రాలేదు. దారి తప్పి వచ్చిన బండి అనుకున్నారు. రెండోసారి కొడితే ఒక తలుపు తెరుచుకుంది. మూడోసారికి బిందెలు, బక్కెట్లు, డ్రమ్ములు, చివరికి ఇడ్లీ పాత్ర కూడా వీధిలోకి వచ్చాయి. మస్తాన్‌బీ కాలికి కట్టుతో, కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చింది. గొట్టంలోంచి నీళ్లు దూకుతుంటే చూసి, హైమవతి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె మొహంలో సంతోషం కాదు, భయం కనిపించింది.

"ఏ వీధి పోయిందమ్మా?"

"ఏ వీధీ పోలేదండీ."

"నిజం చెప్పండి. గాజుల వీధేనా? మా అక్క ఆ వీధిలోనే ఉంటది. రెండేళ్లుగా నమాజు చేసుకునేప్పుడల్లా అది పోవాలని కోరుకోనూ లేక, మానుకోనూ లేక చచ్చిపోతన్నాను."

"ఎవరూ పోలేదు. అందరూ ఉన్నారు. మీరూ ఉన్నారు. కాగితం చివర మీ వీధి పేరు కూడా రాశాం, అంతే."

"అంతేనా?"

"అంతేనండీ."

మస్తాన్‌బీ కర్ర పక్కన పడేసి ట్యాంకరుకి ఆనుకుని ఏడ్చింది. ఆనక కళ్లు తుడుచుకుని, వరస తప్పిన ఇద్దరు మొగాళ్లని తిట్టి వెనక్కి పంపింది.

నాలుగు రోజుల తరువాత కమిషనరు గారు 'ఉత్తమ సంక్లిష్టత' షీల్డుతో తిరిగొచ్చారు. జరిగింది విని హైమవతికి మెమో టైపు చేయించారు. దాని మీద సంతకం పెట్టబోతుండగా ఆ రోజు పేపరు వచ్చింది. జిల్లా పేజీలో, కమిషనరు చొరవతో అరవై అయిదో వీధికి నీళ్లు అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. మెమోను మడిచి జేబులో వేసుకుని, హైమవతిని పిలిచి, "సదరు చొరవను నేను ఎప్పుడు చూపితినో తేదీ వేసి ఫైలులో నమోదు చేయుడు," అన్నారు.

అలా పట్టిక ఖాయమైంది. దాని పేరు విశ్వంభర పట్టిక. దానిపై వచ్చిన సర్క్యులరులో మాత్రం ఒక షరతు ఉంది. అపరిమితత్వము అరాచకమునకు దారితీయును గనుక, సూపరింటెండెంటు వారి సూచన మేరకు, పట్టికలో వరసలు అరవై అయిదుకు మించరాదు.

యంత్రం ఎన్ని వరసలైనా ఒప్పుకుంటుందని హైమవతి చెప్పింది. యంత్రం ఒప్పుకుంటే సరిపోదని వాళ్లు చెప్పారు.

ఎండాకాలం వచ్చింది. ఒకనాడు ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు పాండురంగయ్య గారు హైమవతి బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. చెవి మీద పెన్ను లేదు. మనిషి చిక్కిపోయారు.

"అమ్మా, రైలుగేటు అవతల పాలవెల్లి కాలనీ అని కొత్తది పడింది కదా. రిటైరవుతున్నానని అక్కడ ఇల్లు కట్టుకున్నాను. పోయిన నెలే గృహప్రవేశం."

"శుభం సార్."

"అది అరవై ఆరో వీధి."

హైమవతి చేతిలో పని పక్కన పెట్టింది.

"మా ఆవిడ మోకాళ్లు మంచివి కావు. బోరింగు దాకా నడవలేదు. సున్నపుబట్టీ వీధి నుంచి ఎవరో ఇడ్లీల ఆవిడట, రోజూ రెండు బిందెలు మనిషి చేత పంపిస్తోంది. నేనెవరో ఆవిడకి తెలియదు." ఆయన నేల చూపులు చూశారు. "తెలిస్తే పంపదేమో. తెలిసినా పంపుతుందేమోనని ఇంకా భయంగా ఉంది."

"కూర్చోండి సార్," అని ఆమె సర్క్యులరు తీసింది. మెల్లగా చదివింది. "ఒక పట్టికలో అరవై అయిదు వరసలకి మించకూడదన్నారు. పట్టిక ఒక్కటే ఉండాలని ఎక్కడా లేదు కదా?"

ఆయన కాగితం లాక్కుని చూశారు. సర్క్యులరు తను రాసిందే. ఆయన మొహం చాన్నాళ్లకి విప్పారింది. "లేదు! రాయడం మరిచిపోయాను!"

హైమవతి రెండో పట్టిక తెరిచి, మొదటి వరసలో పాలవెల్లి కాలనీ అని రాసింది. "ఏ రోజు కావాలి సార్?"

పాండురంగయ్య గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పదకొండేళ్లు ఊరంతటికీ రోజులు పంచిపెట్టిన మనిషిని, నీకు ఏ రోజు కావాలని అడిగినవాళ్లు లేరు.

"మంగళవారం. అంటే... కుదిరితేనేనమ్మా."

"కుదురుతుంది సార్," అంది హైమవతి, మంగళవారం అని రాస్తూ.